చుక్క తొణకని ఇంజిను

ఒక పెద్ద ఆఫీసరు గారు యానాంలో పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఉత్త మేజోళ్ళతో నడుచుకుంటూ వెళ్ళి జీపు ఎక్కారు. దానికి కారకుణ్ణి నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మధ్యలో నా మీద జాలి పుట్టే ఘట్టాలు ఒకటి రెండు వస్తాయి, అక్కడ మీరు మోసపోకూడదు. తప్పంతా నాదే. అందులో కొంచెం కంప్యూటరు మీదికి తోద్దామని చాలా ఏళ్ళు ప్రయత్నించాను గాని కుదరలేదు.

ఎనభైల చివరి మాట. నాకు పాతికేళ్ళు. యానాంలో ఇంజినీరింగు పిల్లలకు మెకానికల్ వైబ్రేషన్స్ చెప్పే ఉద్యోగం. పేరు చూసి భయపడకండి. వస్తువులు ఎందుకు ఊగుతాయి, ఎప్పుడు మరీ ఎక్కువగా ఊగుతాయి, ఆపడానికి ఏం చెయ్యాలి, అంతే సబ్జెక్టు. అప్పటికి మా దగ్గర గోదావరి మీద వంతెన లేదు. అవతలి ఒడ్డున ఉన్న ఎదుర్లంకకు వెళ్ళాలంటే పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కాలి. పంటుకూ ఒడ్డుకూ మధ్య ఒక బల్ల వేసేవారు. ఆ బల్ల మీద నెమ్మదిగా నడిస్తే ఏమీ కాదు, పరుగెత్తినా ఏమీ కాదు. కానీ ప్రతి బల్లకూ దాని సొంత ఊపు ఒకటి ఉంటుంది. సరిగ్గా ఆ ఊపుతో అడుగులు వేశారో, బల్ల ఎగిరెగిరి మిమ్మల్ని గోదాట్లో పడేస్తుంది. దాన్నే మేము రెజొనెన్స్ అంటాం. ఇది అర్థమైతే చాలు, ఈ కథలో ఇంకేమీ అర్థం కానక్కర్లేదు.

ఆ ఏడు మా కాలేజీకి పాండిచ్చేరి నుంచి ఒక కంప్యూటరు వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి. దాని కోసం ఒక గది, ఆ గదికి ఏసీ, కిటికీలకు మందపాటి తెరలు. లోపలికి వెళ్ళాలంటే బూట్లూ చెప్పులూ వరండాలో విప్పాల్సిందే. దుమ్ము పడితే పాడైపోతుందని పాండిచ్చేరి వాళ్ళు చెప్పారట గాని, మా వాళ్ళ భక్తి అక్కడితో ఆగలేదు. తొలిరోజు ఎవరో దానికి గంధం పూసి బొట్టు కూడా పెట్టారు. స్క్రీను మీద బొట్టు తుడవడానికి నాకు అరపూట పట్టింది.

ఆ మెషీను నా చేతికి చిక్కింది. ఇక నన్ను పట్టేవాడు లేడు. తిండి మానేసి కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాను. స్క్రీను మీద అడుగున ఒక స్ప్రింగు, దాని మీద ఒక పెట్టె. బరువెంత అని అడుగుతుంది, చెప్పాలి. స్ప్రింగు ఎంత గట్టిది అని అడుగుతుంది, చెప్పాలి. వేగం ఎంత అని అడుగుతుంది, చెప్పాలి. అప్పుడు పెట్టె ఊగుతుంది. చెప్పిన వేగం దాని సొంత ఊపుతో కలిసిందంటే పెట్టె స్క్రీను పైఅంచు దాటి ఎగిరిపోతుంది, మెషీను కుయ్యిమంటుంది. అది మొదటిసారి కుయ్యిమన్నప్పుడు నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

మా సెక్షన్ హెడ్డు సత్తిరాజు గారికి మాత్రం తిరగలేదు. ఆయన ఇరవై ఏళ్ళుగా ఇదే పాఠాన్ని సైకిలు ట్యూబుకు ఇటుక వేలాడదీసి చెబుతున్నారు.

"ఏవోయ్ కామేశం, ఇటిక ఊగితే చాలదా? గాజుపెట్టెలో ఊగాలా?" అన్నారు.

"గాజుపెట్టె కాదండీ, మోనిటరు. ఇటుకతో అంకెలు రావు కదండీ."

"దెబ్బలొస్తాయి. కుర్రాళ్ళకి అయ్యే గుర్తుంటాయి."

నేను నవ్వి ఊరుకున్నాను. పాతకాలం మనిషి, ఆయనకేం తెలుసులే అనుకున్నాను. ఆ నవ్వును కూడా గుర్తుపెట్టుకోండి.

పిల్లలు మాత్రం గదిలోకి ఎగబడేవారు. పంటు దిగి ఆదివారాలు కూడా వచ్చేవాళ్ళు ఉన్నారు. అంతకుముందు సూత్రాలు బట్టీ పట్టి, పరీక్ష గది గుమ్మం దాటగానే మర్చిపోయిన పిల్లలు వాళ్ళు. ఇప్పుడు పెట్టెను ఎలా ఎగరగొట్టాలా అని తమంతట తామే లెక్కలు చేసుకుంటున్నారు. నాకు ఆ మెషీను మీద ప్రాణం ఉండేదంటే ఊరికే ఉండేది కాదు.

మెకానికల్లో ఉన్న ఏకైక ఆడపిల్ల నాగమణి ఒకరోజు చెయ్యెత్తింది. "సార్, బరువు యాభై కొట్టానండి. తర్వాత అయిదొందలు కొట్టానండి. పెట్టె రెండుసార్లూ ఒకేలా ఉందండి. బరువు ఎక్కడుందండి ఇందులో?"

"అది ఊహించుకోవాలమ్మా."

"ఊహ తప్పయితేనండి?"

"కంప్యూటరు తప్పు చెప్పదు" అన్నాను, ఆ పిల్ల అడిగినదానికి అది జవాబు కాదని తెలియకుండానే.

ఇలా సాగుతుండగా ప్రిన్సిపాలు గారు పిలిచి ఒక కబురు చెప్పారు. మెషీనును మాకు ఊరికే ఇవ్వలేదట, వాడి చూడమని ఇచ్చారట. వచ్చే వారం పాండిచ్చేరి నుంచి ఆఫీసరు గారు వస్తున్నారు. దానితో పిల్లలకు పనికొచ్చే పాఠం ఏదైనా జరుగుతోందని ఆయనకు నమ్మకం కలిగితే ఇక్కడే ఉంటుంది. లేదంటే లారీ ఎక్కుతుంది.

"బొమ్మలాట చూపిస్తే ఒప్పుకోరు కామేశం" అన్నారు ప్రిన్సిపాలు గారు. "ఆయన గట్టి మనిషి. ఏదో ఒకటి నిజంగా చెయ్యాలి."

అంతే. నాలో పట్టుదల పుట్టింది. నా పట్టుదల ఎలాంటిదంటే, ఒకసారి పుట్టాక దానికి చెవులు ఉండవు. వర్క్‌షాపులో పాత పడవ ఇంజిను ఒకటి ఉంది. దాన్ని ఇనుప చట్రం మీద నాలుగు స్ప్రింగులు పెట్టి బిగిద్దాం. ఇంజిను ఏ వేగంలో గంతులేస్తుందో, ఏ వేగంలో బుద్ధిగా ఉంటుందో ముందుగా కంప్యూటరు చేత చెప్పిద్దాం. తర్వాత ఆఫీసరు గారి కళ్ళ ముందు నడిపి చూపిద్దాం. బొమ్మలాట అని ఎవడంటాడో చూస్తాను.

స్ప్రింగుల గట్టిదనం ల్యాబులో కొలిచాం. ఇక ఇంజిను బరువు కావాలి. దాని మీద బిగించిన రేకు మీద ఒకప్పుడు బరువు చెక్కి ఉండేదట, ఉప్పుగాలి తినేసింది. మా దగ్గర ఉన్న త్రాసు కెమిస్ట్రీ వాళ్ళది, అందులో చిటికెడు పొడి తూచవచ్చు. అప్పుడు ఫరంపేట కుర్రాడు అబ్బులు, నా క్లాసులోవాడే, ఉపాయం చెప్పాడు.

"దరియాలతిప్పలో మా మావయ్యకి పెద్ద కాటా ఉందండి. రొయ్యలు కొంటాడండి. ఎంత బరువైనా తూగుద్దండి."

ఇంజినును తోపుడు బండి మీద పడేసి పిల్లలంతా దరియాలతిప్పకు తోశారు. నేను ఇస్త్రీ చొక్కాతో వెనక సైకిలు మీద వెళ్ళాను. అబ్బులు మావయ్య కాటా వీర్రాజు పెద్ద మనసున్నవాడు. రొయ్యల గంపలన్నీ పక్కకు తీయించి మా ఇంజినును కాటా ఎక్కించాడు. మధ్యాహ్నపు ఎండ, ఐసు కరిగి కారుతున్న నీళ్ళు, ఆ వాసన! నేను జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుని, దూరంగా గోడ నీడలో నిలబడ్డాను.

"రండి మేష్టారూ, కాటా చూసుకోండి" అని పిలిచాడు వీర్రాజు.

"పరవాలేదులెండి, మీరు చెప్పండి" అన్నాను రుమాల్లోంచి.

"అలాక్కాదండి, తవరొచ్చి చూసుకోవాలండి."

"మీ మీద నమ్మకం ఉందండీ!"

వీర్రాజు ముఖం వెలిగిపోయింది. మనసులో ఏదో లెక్క వేసుకుని ఒక అంకె చెప్పాడు. నేను అరచేతిలో రాసుకున్నాను. ఆఫీసరు గారు వచ్చే రోజున చూడటానికి రమ్మని కూడా పిలిచాను. పది అడుగులు ముందుకు వేసి ఒక్కసారి ముల్లు చూసి ఉంటే ఈ కథ లేదు. మీరు ఇప్పుడు ఇంకేదో మంచి పని చేసుకుంటూ ఉండేవారు.

ఆ బరువు కంప్యూటరుకు చెప్పాను. అది క్షణంలో డేంజరు వేగం చెప్పేసింది. ఇంజిను వేగం పెంచే మీట పక్కన రేకు మీద ఎర్రగీత గీశాను. దానికి కాస్త ఇవతల, చిన్నగా వణుకుతుందే తప్ప ఎగరదు అని కంప్యూటరు చెప్పిన చోట, తెల్లగీత గీశాను.

సత్తిరాజు గారు చూసి కళ్ళజోడు సర్దుకున్నారు. "తెల్లగీత మరీ దగ్గిరగా ఉందేవో. ఇంకాస్త కిందకి గీయరాదా?"

"దూరంగా గీస్తే ఎవరైనా చెబుతారండీ. దగ్గరగా గీస్తేనే కదండీ కంప్యూటరు గొప్ప."

"పోనీ ఓసారి నడిపి చూద్దాం."

"ముందే నడిపి చూస్తే ఇక కంప్యూటరు ఎందుకండీ?"

"సరే, చట్రాన్నైనా నేలకి బోల్టులేసి బిగించు."

"ఎగరనిదానికి బోల్టులెందుకండీ?"

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "కామేశం, నేను ఇటికతో చెప్పేటప్పుడు రెండడుగులు ఎనక్కి నిలబడతాను" అని వెళ్ళిపోయారు. మూడు సలహాలు ఇచ్చారు ఆ మహానుభావుడు. మూడింటినీ నేను ఎంతో మర్యాదగా తోసిపుచ్చాను.

ఆ రోజు రానే వచ్చింది. కంప్యూటరు గది ముందున్న వరండాలో ఇంజినును నిలబెట్టాం. పక్కనే చెప్పుల బల్ల. జీపు దిగిన ఆఫీసరు గారు తమిళాయన, గతంలో యానాంలో పనిచేసి ఉండటంతో తెలుగు చక్కగా వచ్చు. ఆయన బూట్లు కొత్తవి, ముఖం చూసుకోవచ్చు. వాటిని గది బయట విప్పమనగానే ఒక్క క్షణం తటపటాయించారు. చివరికి విప్పి, జతగా, ఎంతో ప్రేమగా బల్ల పక్కన పెట్టారు.

లోపల అంతా అద్భుతంగా జరిగింది. నాగమణి అంకెలు కొడుతుంటే నేను వివరించాను. పెట్టె ఎర్రగీత వేగంలో ఎగిరిపోయింది, తెల్లగీత వేగంలో మెల్లగా వణికింది. ఆఫీసరు గారు తలూపారు.

"బాగుంది. కానీ ఇది మీరు గీసిన బొమ్మ. ఇంజిను దీని మాట వింటుందా?"

"బయట చూద్దాం రండి సార్" అన్నాను. అప్పటి నా ఛాతీ కొలత ఎవరూ తీయలేదు గాని, తీయవలసింది.

వరండాలో ప్రిన్సిపాలు గారు, సత్తిరాజు గారు, పిల్లలు, కొత్త పంచె కట్టుకున్న కాటా వీర్రాజు. ఆఫీసరు గారు మేజోళ్ళతో గుమ్మంలో నిలబడ్డారు. ఆయన కోసం తెచ్చిన కొబ్బరినీళ్ళ గ్లాసును నేను అందుకుని, అంచుదాకా నింపి, ఇంజిను చట్రం మీద పెట్టాను.

"సార్, ఇంజిను తెల్లగీత దగ్గర నడుస్తుంది. ఒక్క చుక్క కింద పడితే ఈ కంప్యూటరును మీరే తీసుకెళ్ళండి!"

ప్రిన్సిపాలు గారు గతుక్కుమన్నారు. ఈ పందెం గురించి నేను ఆయనకు ముందు చెప్పలేదు. నిజానికి ఆ నిమిషం దాకా నాకూ తెలియదు.

అబ్బులు హ్యాండిలు తిప్పాడు. ఇంజిను దగ్గి, తుమ్మి, డబడబమంటూ అందుకుంది. నేను మీట పట్టుకుని నెమ్మదిగా జరిపాను. గ్లాసులో నీళ్ళు వణికాయి. ఇంకొంచెం జరిపాను. గ్లాసు చప్పుడు చెయ్యడం మొదలెట్టింది.

"తొణుకుతోందే" అన్నారు ఆఫీసరు గారు.

"ఇంజిను ఇంకా వేడెక్కలేదు సార్. గీత దగ్గరకు వస్తే సర్దుకుంటుంది."

ఇంకొంచెం జరిపాను. గ్లాసు గాల్లోకి లేచి ప్రిన్సిపాలు గారి చొక్కా మీద ఖాళీ అయింది. ఇంజిను ఒక కాలు ఎత్తి దించింది.

"తగ్గించవోయ్!" అని అరిచారు సత్తిరాజు గారు, రెండడుగుల వెనక నుంచి.

"గీత రానివ్వండి సార్!"

"గీతా లేదు, గాడిదగుడ్డూ లేదు, తగ్గించు!"

తగ్గిస్తే ఓడిపోయినట్టే. కంప్యూటరు లారీ ఎక్కినట్టే. గీత ఇంకా వేలెడు దూరంలో ఉంది. కంప్యూటరు అక్కడ ప్రశాంతంగా ఉంటుందని చెప్పింది, నేను నమ్మాను. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, మీటను సరిగ్గా తెల్లగీత మీదికి తోశాను.

ఇక అది ఇంజిను కాదు, పూనకం. నాలుగు కాళ్ళూ ఎత్తి గంతేసింది. మీట నా చేతిలోంచి జారిపోయింది. పిల్లలు స్తంభాలెక్కారు. వీర్రాజు "బాబోయ్, ఇది నడుత్తుందండోయ్!" అని కొత్త పంచె ఎగగట్టాడు. నిజంగానే అది నడిచింది. వరండా మొత్తం ఖాళీగా ఉండగా, వెతుక్కుంటున్నట్టు చెప్పుల బల్ల వైపే నడిచింది. అక్కడ నా హవాయి చెప్పులు కూడా ఉన్నాయి, వాటిని వదిలేసింది. ఒక కాలు ఆఫీసరు గారి ఎడమ బూటు ముక్కు మీద వేసి, దాని మీదే నిలబడి, ఊగీ ఊగీ, డీజిలు గొట్టం ఊడదీసుకుంది. డీజిలు ధారగా కుడి బూటులోకి దిగింది. తాగడానికి ఏమీ లేక ఇంజిను రెండు నిట్టూర్పులు విడిచి ఆగిపోయింది.

అబ్బులు వంగి బూటులోకి చూశాడు. నన్ను ఎలాగైనా ఆదుకోవాలని వాడి తాపత్రయం.

"సార్, డీజిలు మటుకు ఒక్క చుక్క కింద పళ్ళేదండి. అంతా బూట్లోనే ఉందండి."

ఆఫీసరు గారు తన మేజోళ్ళ వంక చూసుకున్నారు. ప్రిన్సిపాలు గారు చొక్కా పిండుకుంటున్నారు. నాకు ఏడుపు వచ్చేసింది. బూట్ల గురించి కాదు. ఆదివారాలు పంటు ఎక్కి వచ్చే పిల్లలు ఇక ఎందుకు వస్తారు? ఆ ఒక్క మెషీనును నా నోటితో నేనే లారీ ఎక్కించాను. ఏడుపు ఆపుకోవడానికి ఇంజిను వైపు తిరిగి, ఏదో పరీక్షిస్తున్నట్టు వంగాను.

"లెక్క తప్పలేదు సార్" అన్నాను, ఇంజినుతోనే. "స్ప్రింగులు మేమే కొలిచాం. బరువు వీర్రాజు గారు కాటా మీద తూచి చెప్పారు."

"ఆయ్, నేనే సెప్పానండి" అన్నాడు వీర్రాజు ముందుకొచ్చి. "మేష్టారు అంత నమ్మకం ఉందన్నాక మోసం సేత్తానేంటండి? తరుగంతా తీసేసే సెప్పాను."

నేను నెమ్మదిగా నిటారుగా లేచాను. "తరుగా?"

"తరుగండి. గంపకి తీయాలి, నీళ్ళకి తీయాలి, ఐసుకి తీయాలి. పాతికేళ్ళ అలవాటండి. కాటా ఎక్కిందేదైనా తరుగు తీయకుండా నా నోటంట అంకె రాదండి."

"ఇంజినుకు ఐసేమిటి వీర్రాజు గారూ?"

"అందుకే తవర్ని వచ్చి కాటా సూసుకోమన్నానండి. తవరు ముక్కు మూసుకున్నారు."

"రొయ్యలకు తీసినట్టు తలకాయలకు కూడా తీశారా?" అన్నారు సత్తిరాజు గారు ఎంతో గంభీరంగా.

"లేదండి. దీనికి తలకాయ ఎటుందో తెలవలేదండి."

ఈ మాటలు పూర్తికాకుండానే నాగమణి గదిలోకి పరుగెత్తింది. తలుపు తెరిచే ఉంది, కీబోర్డు టకటకలు బయటికి వినిపించాయి. తీసేసిన తరుగు ఎంతో అక్కడి నుంచే అరిచి అడిగింది, వీర్రాజు ఇక్కడి నుంచే అరిచి చెప్పాడు. మళ్ళీ టకటకలు. తర్వాత మెషీను కుయ్యిమంది.

"సార్, రండి సార్! అసలు బరువు కొడితే పెట్టె తెల్లగీత దగ్గరే ఎగురుతోందండి! సరిగ్గా తెల్లగీత మీదేనండి!"

ఆఫీసరు గారు లోపలికి వెళ్ళారు. ఈసారి విప్పడానికి బూట్లు లేవు కాబట్టి ఆలస్యం కాలేదు. నాగమణి చేత మళ్ళీ మళ్ళీ చేయించి చూశారు. పాత బరువు కొడితే ఎర్రగీత దగ్గర ఎగిరింది, కొత్త బరువు కొడితే తెల్లగీత దగ్గర ఎగిరింది. ఆయన బయటికి వచ్చి ఇంజినును చూశారు, మీట ఆగిన చోటును చూశారు, బూట్లను చూడకుండా తల తిప్పుకున్నారు.

"కంప్యూటరు తప్పు చెప్పలేదు" అన్నారు. "ఇంజిను కూడా దాని మాట అక్షరాలా వింది. ఈ అమ్మాయికి పాఠం నాకంటే బాగా అర్థమైంది. మెషీను ఇక్కడే ఉంటుంది."

పిల్లలు పెట్టిన కేకకు గోదావరి అవతల ఎదుర్లంక రేవులో కూడా తలలు తిరిగి ఉంటాయి. సత్తిరాజు గారు నా వీపు మీద ఒక్కటి చరిచారు. నాకు ఈసారి నిజంగానే కళ్ళ నీళ్ళు కారిపోయాయి, దాచుకోలేదు. ఆ తడి కళ్ళతోనే ఆఫీసరు గారి ముందుకు వెళ్ళి చేతులు జోడించాను.

"సార్, ఇంత పెద్ద మెషీను మాకు వదిలిపెడుతున్నారు. దీన్ని ఇంకా బాగా వాడటానికి నన్ను పాండిచ్చేరి ట్రైనింగుకు పంపితే..."

"ట్రైనింగు మీకు తప్పకుండా కావాలి" అన్నారాయన. తర్వాత ప్రిన్సిపాలు గారి వైపు తిరిగారు. "పాండిచ్చేరి అంత దూరం వద్దు. ఈయన్ని దరియాలతిప్ప కాటా దగ్గర కూర్చోబెట్టండి."

అలా అని, కుడి బూటును నేల మీద ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని జీపు వైపు నడిచారు. ఎడమ బూటు అప్పటికింకా ఇంజిను కాలి కిందే ఉంది.

అది వేళాకోళమని అందరికీ అర్థమైంది, ఒక్క ప్రిన్సిపాలు గారికి తప్ప. ఆ సెలవుల్లో నేను నిజంగానే రోజూ వీర్రాజు కాటా పక్కన స్టూలు మీద కూర్చున్నాను, ప్రిన్సిపాలు గారి చొక్కా మీద కొబ్బరినీళ్ళ మరక ఉన్నంత కాలం ఆయన నన్ను వదలలేదు. తరుగులో ఎన్ని రకాలున్నాయో ఇప్పుడు నన్ను అడగండి, ఒక సెమిస్టరంతా చెబుతాను. ఆ తర్వాత నా క్లాసులో కంప్యూటరు పక్కన సత్తిరాజు గారి ఇటుక కూడా వేలాడింది. రెండింటికీ నేనే బొట్టు పెట్టాను.

కాబట్టి పాఠకులారా, ఆ కుడి బూటులోని డీజిలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ తూకం దగ్గరా ముక్కు మూసుకోను. కాటా ముల్లును నా రెండు కళ్ళతో చూడనిదే ఏ బరువునూ కంప్యూటరుకు చెప్పను, మనిషికీ చెప్పను. ఒక్క నా సొంత బరువుకు మాత్రం మినహాయింపు. డాక్టరు అడిగినప్పుడల్లా ఇప్పటికీ నేను తిన్నగా వీర్రాజు దగ్గరకే వెళ్ళి, కళ్ళు మూసుకుని కాటా ఎక్కుతాను.